చెయ్యి ఎటు లేచింది?

రామచంద్రపురంలో మేం ఎంతమందిమి? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి నూటికి తొమ్మిది మందికి పైగా తేలిన ముస్లింలం, తూర్పు గోదావరి జిల్లాకొచ్చేసరికి నూటికి ఇద్దరం కూడా తేలం. వీధికో ఇల్లు, ఊరికో వీధి. పరుపులు కుట్టేవాళ్ళం, బట్టలు కుట్టేవాళ్ళం, మటన్ కొట్టువాళ్ళం, మెకానిక్కులం, లారీ డ్రైవర్లం. ఎన్నికలప్పుడు టీకొట్టు దగ్గర లెక్కలేసే పెద్దమనిషి కాపులింత, శెట్టిబలిజలింత, మాల మాదిగలింత అని వేళ్ళు మడిచి మడిచి, ఆఖర్న "సాయిబులు కూడా ఉన్నార్లెండి" అంటాడు. ఆ "కూడా"లో ఉన్నది మేం.

అయినా ఏడాదికోసారి మాకు మర్యాద జరుగుతుంది. రంజాన్ నెలలో ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా సరే మా మధ్య కూర్చుంటాడు. నెత్తిన జాలీ టోపీ, మెళ్ళో రుమాలు, చేతిలో ఖర్జూరం. ఒక ఫోటో. "ముస్లిం సోదరుల సంక్షేమానికి మా ప్రభుత్వం కట్టుబడి ఉంది" అని ఒక మాట. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో రెండు కాలాల వార్త. ఆ వార్త రాసే పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి చెబుతున్నాం, తేదీ మార్చి, ఎమ్మెల్యే పేరు మార్చి, పోయినేటి కాపీనే పంపినా డెస్కులో ఎవరికీ అనుమానం రాదు!

శాసనసభ్యుడంటే ఖర్జూరం తినేవాడా? శాసనం చేసేవాడా? ఆయన మాతో మాట్లాడేది ఒకటి. సభలో, పార్టీలో, కోర్టులో, కాగితం మీద రికార్డయ్యేది ఇంకొకటి. ఇన్నేళ్ళూ మా పెద్దలు మొదటిది విని ఓట్లేయించారు. రెండోది చదివే అలవాటు మాకెవరూ చేయలేదు. ఇప్పుడు మేం రెండోదే చదువుతామంటున్నాం.

ముందు పేర్లు చెప్పుకుందాం. 1994 నుంచి 2019 దాకా ఈ సీటు ఇద్దరి మధ్యే తిరిగింది. తోట త్రిమూర్తులు గారు, పిల్లి సుభాష్ చంద్రబోస్ గారు. త్రిమూర్తులు గారు 1994లో ఇండిపెండెంటు, 1999లో తెలుగుదేశం. 2009లో ప్రజారాజ్యం తరఫున ఓడి, 2012 ఉప ఎన్నికలో కాంగ్రెస్ తరఫున గెలిచి, 2014లో మళ్ళీ తెలుగుదేశం. 2019లో ఓడాక వైయస్సార్ కాంగ్రెస్, 2021లో ఎమ్మెల్సీ. బోస్ గారు 2004లో ఇండిపెండెంటు, 2009లో కాంగ్రెస్, తర్వాత వైయస్సార్ కాంగ్రెస్‌లో ఉప ముఖ్యమంత్రి, 2020లో రాజ్యసభ. 2019లో గెలిచిన చెల్లుబోయిన వేణుగోపాలకృష్ణ గారు మంత్రి అయ్యారు. 2024లో గెలిచిన వాసంశెట్టి సుభాష్ గారు తెలుగుదేశం ప్రభుత్వంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. అంటే మా ఊరు చిన్నదే గానీ మా నాయకులు చిన్నవాళ్ళు కాదు. క్యాబినెట్లో కూర్చున్నవాళ్ళు, కూర్చోగలిగినవాళ్ళు. కాబట్టి "మా చేతుల్లో ఏముంది సాయిబు గారూ" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇన్ని పార్టీలు మారిన చరిత్రలో ఒక్కసారైనా, ఏ పార్టీ మారినప్పుడైనా, "ముస్లింల విషయంలో ఈ పార్టీ వైఖరి నచ్చక పోతున్నాను" అని ఎవరైనా అన్నారా? లేక "నచ్చి వస్తున్నాను" అని? అన్నవాళ్ళుంటే ఆ ప్రకటన ఏ పేపర్లో పడిందో చెప్పమనండి. టిక్కెట్టు మాటొస్తే మాత్రం గొంతులు లేస్తాయి. 2023 జులైలో బోస్ గారు, వేణు గారి మధ్య నడిచిన రగడ రాష్ట్రమంతా చూసింది. వేణు గారికే మళ్ళీ టిక్కెట్టిస్తే పార్టీలో ఉండనని బోస్ గారు బాహాటంగా చెప్పారు. చివరికి 2024లో వేణు గారిని రాజమండ్రి రూరల్‌కు పంపి, ఇక్కడ బోస్ గారి అబ్బాయికి టిక్కెట్టిచ్చారు. కోపం తెచ్చుకోవడం మన నాయకులకు రాక కాదు.

ఇక వెంకటాయపాలెం. ఇది ముస్లింల సంగతి కాదు కదా అనేవాళ్ళు మాలోనే ఉన్నారు. వాళ్ళ కోసమే కాస్త నిదానంగా చెబుతాం.

1996 డిసెంబరు 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకులను పట్టుకుని హింసించారు. వాళ్ళలో ఇద్దరికి గుండ్లు గీశారు. కనుబొమ్మలు కూడా గీశారు. పేపర్ల భాషలో దాన్ని శిరోముండనం అంటారు. ఆ సంస్కృత మాట వింటే ఏదో తిరపతి మొక్కులాగ ఉంటుంది! ఆ కేసులో మొదటి ముద్దాయి అప్పటి మా ఎమ్మెల్యే త్రిమూర్తులు గారు. విశాఖపట్నం ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్ 16న. త్రిమూర్తులు గారితో సహా ముద్దాయిలకు పద్దెనిమిది నెలల జైలు. ఇరవై ఏడేళ్ళ పైచిలుకు పట్టింది. కనుబొమ్మలు గీయించుకున్న కుర్రాళ్ళు నడివయసు దాటిపోయారు. పై కోర్టుకు వెళ్ళే హక్కు ఆయనకుంది, వెళ్ళారు. దాని మీద మాకు పేచీ లేదు. మా ప్రశ్న వేరే. ఆ ఇరవై ఏడేళ్ళలో మూడు పార్టీలు ఆయన్ని పిలిచి బీఫారం ఇచ్చాయి, నాలుగోది పెద్దల సభకు కూడా పంపింది. తీర్పొచ్చిన నెల లోపలే మండపేటలో ఆయన అభ్యర్థిగా ఓట్లడిగారు. ఏ పార్టీ కూడా "ఈ కేసు తేలేదాకా ఆగండి" అనలేదు. ఆ పార్టీలే రంజాన్‌కి మా దగ్గరకొచ్చి "అణగారిన వర్గాలకు అండగా ఉంటాం" అన్నాయి. మేం చప్పట్లు కొట్టాలా?

గడ్డం గీయించుకోమనే ఆఫీసులు, టోపీ తీయమనే చెకింగులు, పేరు చెప్పగానే అద్దెకు లేదనే ఇళ్ళు, ఇవన్నీ ఎరిగిన కౌమ్ మాది. ఒక మనిషి వెంట్రుక మీద ఇంకొకడు అధికారం చెలాయించడమంటే ఏమిటో మాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. వెంకటాయపాలెం మా రికార్డులో మొదటి పేజీ. దళితుడి కనుబొమ్మకు దిక్కులేని నియోజకవర్గంలో సాయిబు గడ్డానికి మర్యాద ఉంటుందని నమ్మే అమాయకులం కాదు.

ఇప్పుడు మా సొంత పద్దులకొద్దాం. మాట ఒకవైపు, చెయ్యి ఇంకోవైపు లేవడం కొత్తేమీ కాదు. 2002లో గుజరాత్ మారణకాండ మీద అక్కడి ముఖ్యమంత్రి దిగిపోవాలని చంద్రబాబు నాయుడు గారు గట్టిగానే అన్నారు. లోక్‌సభలో ఓటింగుకొచ్చేసరికి తెలుగుదేశం తటస్థమైంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లొచ్చింది. మతం చూసి పౌరసత్వం ఇచ్చే చట్టం ఈ దేశంలో అదే మొదటిది. దానికి తెలుగుదేశం ఓటేసింది, వైయస్సార్ కాంగ్రెస్సూ ఓటేసింది. రామచంద్రపురంలో గోడకు ఇటు ఒక జెండా, అటు ఒక జెండా కట్టుకుని కొట్టుకునే రెండు పార్టీలు మా పౌరసత్వం దగ్గర మాత్రం ఒకే బెంచీ మీద కూర్చున్నాయి! తర్వాత ఎన్‌పీఆర్ మీద అభ్యంతరాలు చెప్పారు, నిజమే. ఇల్లు అంటించాక బిందె పట్టుకొచ్చినట్టు.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు. లోక్‌సభలో అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232. రాజ్యసభలో 128, 95. ఏప్రిల్ 5న రాష్ట్రపతి సంతకం. తెలుగుదేశం ఓట్లు అనుకూలంలో పడ్డాయి. మా రామచంద్రపురం కలిసి ఉన్న అమలాపురం లోక్‌సభ సీటు ఆ పార్టీ చేతిలోదే. కొన్ని సవరణలు చేయించాకే మద్దతిచ్చామని వాళ్ళు చెప్పుకున్నారు. వైయస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకమంది. సరే, దాని పద్దులో అది రాసుకుంటాం. కానీ 2019 పేజీ చింపేయం.

ఇక్కడ ఎమ్మెల్యే గారి మనుషులు ఒక వాదన తెస్తారు. "అది పార్లమెంటు బిల్లు కదా, ఎమ్మెల్యేకేం సంబంధం? పైగా విప్ ఉంటుంది." వినడానికి బాగానే ఉంది. కానీ విప్ గురించి చెప్పాల్సిన ఊరు మాది కాదు. 2011 డిసెంబరులో కాంగ్రెస్ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు బోస్ గారు సొంత పార్టీ విప్‌ని కాదని ఓటేశారు. 2012లో అనర్హత వేటు పడింది, జూన్‌లో ఉప ఎన్నిక వచ్చింది, ఆయన ఓడిపోయారు. నమ్మినదాని కోసం సీటు పోగొట్టుకోవడం రామచంద్రపురం ఎమ్మెల్యేకి చేతనయిన పనే అన్నమాట! అది నాయకుడి కుటుంబం కోసం జరిగింది. మా కోసం జరగదు. తేడా విప్‌లో లేదు. ఎమ్మెల్యేకి పార్లమెంటులో ఓటు లేదు, ఒప్పుకుంటాం. నోరుంది కదా. పార్టీ సమావేశంలో చెయ్యెత్తి "మా ఊరి సాయిబులు ఇలా అంటున్నారు" అనడానికి ఏ రాజ్యాంగ సవరణ కావాలి?

ఆ వక్ఫ్ చట్టం మా గడప దాకా ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. కేంద్రం 2025 జూన్ 6న ఒక పోర్టల్ తెరిచింది. పేరు "ఉమీద్". ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరట. మా భాషలో ఉమీద్ అంటే ఆశ. నమోదై ఉన్న ప్రతి మసీదు, దర్గా, ఖబరస్తాన్ కాగితాలు ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. ఎక్కించేదెవరు? ముతవల్లీ. మన పల్లెల్లో ముతవల్లీ అంటే ఎవరు? పగలు కుట్టుమిషను తొక్కి సాయంత్రం మసీదు తాళం తీసే మనిషి. ఆయన దగ్గరున్నది తాత చెప్పిన హద్దులు: ఇటు కాలవ, అటు రాజుగారి చేను. డెల్టాలో కాలవగట్టు పక్కన ఎకరం లోపు ఖబరస్తాన్‌కి ఎన్ని చోట్ల దస్తావేజులుంటాయి? ఎవరో మహానుభావుడు నోటిమాటగా ఇచ్చాడు, మూడు నాలుగు తరాలు అక్కడ పడుకున్నాయి. వాడుక వల్ల వక్ఫ్ అనే సూత్రం అలాంటి చోట్లకే రక్ష. కొత్త చట్టం ముందుకు దాన్ని తీసేసింది. పాతవాటిలో కూడా రిజిస్టరై ఉండి, తగాదాలేనివి, సర్కారుది అని ఎవరూ అననివి మాత్రమే నిలుస్తాయి. ఇస్లాం ఐదేళ్ళు పాటిస్తున్నట్టు చూపిస్తేనే వక్ఫ్ చేయొచ్చన్న షరతును, ఇంకొన్నిటిని 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆపింది. చట్టం మొత్తాన్ని ఆపలేదు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడి ఉందని దేశమంతా ఎరుగుదురు. అక్కడే సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా ఉన్నదని 1907లో హెమింగ్వే దొర గోదావరి జిల్లా గెజిటీరులోనే రాసిపెట్టాడు. తెల్లదొర కంటికి ఆనిన మా ఉనికికి ఇవ్వాళ మళ్ళీ రుజువు తెమ్మంటున్నారు.

ఎమ్మెల్యే పని ఇక్కడే ఉంది. తాసిల్దారు ఆఫీసులో పాత అడంగళ్ళు, ఇనాం రిజిస్టర్లు తీయించి ముతవల్లీల చేతికిప్పించడం. దానికి టోపీ అక్కర్లేదు. ఫోను చాలు.

రిజర్వేషన్ల సంగతి ఇంకో పెద్ద పద్దు. దూదేకులవాళ్ళు బీసీ-బీలో మొదట్నించీ ఉన్నారు. మిగతావాళ్ళకి 2004లో ఒకసారి, 2005లో ఒకసారి ఐదు శాతమన్నారు, రెండుసార్లూ హైకోర్టు కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక మీద, సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటివాళ్ళని పక్కనపెట్టి, వెనకబడ్డ ముస్లిం కులాలకి బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఆ మధ్యంతరం మీదే మా పిల్లలు ఒక తరం ఇంజనీర్లయ్యారు, నర్సులయ్యారు, టీచర్లయ్యారు. మెకానిక్ కొడుకు కాలేజీ మెట్లెక్కింది ఆ నాలుగు శాతం వల్ల. 2024 ఎన్నికల్లో తెలంగాణ సభల్లో అమిత్ షా గారు ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామన్నారు. ఆయన పార్టీతో పొత్తులో ఉన్న చంద్రబాబు గారు ఇక్కడ ఉంచుతామన్నారు. ఈ రెండు మాటల మధ్య మా పిల్లలు పరీక్షలు రాస్తున్నారు. 2017 డిసెంబరులో కాపులకు ఐదు శాతం బిల్లు అసెంబ్లీలో నడిచినప్పుడు మన జిల్లా ఎంత ఊగిపోయిందో గుర్తుంది. కాపుల హక్కు వాళ్ళు అడిగారు, అడగాలి. బీసీ-ఇ మీద మా నియోజకవర్గం సభ్యుడు ఎవరైనా సభలో మాట్లాడి ఉంటే ఆ రోజు చర్చల పుస్తకంలో ఆ పేజీ చూపించండి. ఫ్రేము కట్టించి మసీదు వరండాలో పెట్టుకుంటాం.

చూపించరు. తోఫా చూపిస్తారు. తెలుగుదేశం వాళ్ళది రంజాన్ తోఫా: గోధుమపిండి, పంచదార, సేమియా, నెయ్యి. వైయస్సార్ కాంగ్రెస్ వాళ్ళది షాదీ తోఫా: పెళ్ళికి లక్ష. తోఫా అంటే కానుక. ఇచ్చేవాడి దయ. హక్కుకి ఉర్దూలో హఖ్ అనే మాట ఉంది, తెలుగులో ఉన్నదీ ఆ మాటే. ఈ రెండు పథకాలకీ ఆ పేరు పెట్టలేదు. ఆడపిల్ల పెళ్ళికి లక్ష తీసుకున్న కుటుంబాన్ని మేం తప్పు పట్టం, ఆ లక్ష అవసరమేమిటో మాకు తెలుసు. ఇమాములకు పదివేలు, మౌజన్‌లకు ఐదువేలు గౌరవ వేతనమంటే, అదీ తీసుకోవాల్సిందే. కానీ సేమియా పొట్లం మీద ముఖ్యమంత్రి బొమ్మ వేసి మా నోరు కట్టేద్దామంటే కుదరదు.

2022 మార్చిలో అసెంబ్లీ ఒక మంచి పని చేసింది. ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. రాష్ట్రమంతటా అంటే రామచంద్రపురం కూడా! ఆ చట్టం వచ్చాక మేం ఒక ఆఫీసుకి ఉర్దూలో అర్జీ రాసి పట్టుకెళ్ళాం. గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటి భాయ్, ఎటునుంచి చదవాలో కూడా తెలీదు, తెలుగులో రాసుకురండి" అన్నాడు. ఆయన్ని అనేదేముంది? చదివేవాణ్ణి ఇవ్వకుండా చట్టమిచ్చినవాళ్ళని అనాలి. మా ఇళ్ళల్లో మాట్లాడేది తురకం, రాసేది తెలుగు. రెండూ మావే. ఉర్దూ అంటే ముషాయిరాలో వహ్వాలకి, తెలుగంటే ఆఫీసుకి అని పంచిపెట్టడానికి ఎవరికి హక్కుంది?

మా ఇంటి సంగతి కూడా చెప్పకపోతే ఈ రాత సగమే. ఎమ్మెల్యే మాతో మాట్లాడేది మా పెద్దల ద్వారా. ఆ పెద్దలెవరు? నాలుగు షాపులున్నవాళ్ళు, కాంట్రాక్టులున్నవాళ్ళు, ఖాన్‌దాన్ పేరున్నవాళ్ళు. దూదేకుల భాయ్‌ని ముందు వరసలో కూర్చోబెట్టరు, ఆడవాళ్ళని అసలు పిలవరు. ఎమ్మెల్యే "మీ సమస్యలేంటి" అంటే "షాదీఖానాకి నిధులు సార్" అంటారు. ఎప్పుడూ షాదీఖానాయే! పెన్షన్ ఆగిన ముసలావిడ, రేషన్ కార్డులో పేరు తప్పుపడ్డ కోడలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక హాల్ టిక్కెట్టు ఆపేసిన కాలేజీ కుర్రాడు, వీళ్ళెవరూ ఆ ఫోటోలో ఉండరు. ముస్లిం సమస్య అంటే మసీదు గోడ ఒక్కటే అన్నట్టు నాయకులు మాట్లాడుతున్నారంటే, వాళ్ళకలా నేర్పింది మా పెద్దలే.

మాలో ఎక్కువమంది కూలీలు, కొట్లల్లో గుమాస్తాలు. మా ఎమ్మెల్యే కార్మిక శాఖ మంత్రి అయిన హయాంలోనే, 2025లో, రోజు పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచారు. పెట్టుబడులు రావాలంటే తప్పదన్నారు. బట్టల కొట్లో పొద్దున్నుంచి నిలబడే అమ్మాయికి, రోజా ఉండి మెషిన్ మీద కూర్చునే కుర్రాడికి ఆ పదో గంట ఎంత పొడుగో ఇఫ్తార్‌కొచ్చిన మంత్రిగారిని అడగాలా వద్దా? అది ముస్లిం ప్రశ్న కాదంటారా? అదే ముస్లిం ప్రశ్న. పక్క మెషిన్ మీద కూర్చున్న మాదిగ కుర్రాడి ప్రశ్న, శెట్టిబలిజ కుర్రాడి ప్రశ్న కూడా.

ఇందుకే మేం కొందరం కలిసి రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాం. ఒక్కొక్క శాసనసభ్యుడికి కొన్ని పేజీలు. మాకు చెప్పింది ఎడమవైపు, చేసింది కుడివైపు, తేదీతో సహా. తెలుగులో ఒకరు రాస్తారు, ఉర్దూలో ఒకరు. వచ్చే రంజాన్‌కి ఎమ్మెల్యే గారు వచ్చినప్పుడు దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాల పళ్ళెం పక్కన దీన్నీ పెడతాం. ప్రస్తుతానికి సుభాష్ గారి పేరు మీద కుడివైపు రెండే పద్దులున్నాయి: వక్ఫ్ బిల్లుకు ఆయన పార్టీ మద్దతు ఒకటి, పదో గంట రెండోది. పేజీలో చోటు చాలానే మిగిలింది. ఆయన రాయించదలుచుకున్నది ఉంటే రాయించవచ్చు. పెన్ను మేమే ఇస్తాం.